తంగేడు రంగు కాళ్ళ ఈగ

ప్రశ్నపత్రాలు పంచి, గంట మోగి, పిల్లలు తలలు వంచుకున్నాక రెబ్కా మేడమ్ చేసిన మొదటి పని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడటం. గాలి కోసమనుకుంటారు చూసినవాళ్ళు. మార్చి నెలలో గుంటూరు కిటికీలో గాలెక్కడిది, మిరపయార్డు వైపునుంచి కొట్టే ఘాటు తప్ప. ఆవిడ చూస్తున్నది ఆటస్థలం అవతల, ఎదురు మేడలో ఉన్న జువాలజీ ల్యాబుని. అక్కడ తన మైక్రోస్కోపు ముందు, తన స్టూలు మీద, కలకత్తా నుంచి వచ్చిన కీటకశాస్త్రం పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన బట్టతల మాత్రం కనిపిస్తోంది. పక్కన వంగి ఏదో చెబుతున్నవాడు ఖాజావలి, తన తోటి లెక్చరర్. వాళ్ళిద్దరి మధ్య సూదికి గుచ్చి ఉన్నది తన ఈగ. ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ పేరు పెట్టని ఈగ. ఆయన చూసి ఔనంటే కొత్త జాతి, కాదంటే మామూలు ఈగ. తనేమో ఇక్కడ, పిల్లలు కాపీ కొట్టకుండా కాపలా. పరీక్ష అయ్యేదాకా గది వదిలి వెళ్ళడానికి లేదు. ఈ డ్యూటీ సరిగ్గా ఇవాళే ఎందుకు పడింది? ఎవరు వేయించారు? పడనీ. తనూ చూస్తూనే ఉంది కదా.

ఈగంటే బెల్లం మీద వాలే ఈగ కాదు. పర్చూరు దగ్గర తన సొంతూరి పత్తిచేలో, మందు కొట్టీ కొట్టీ పిట్ట కూడా వాలని చేలో, శనగపచ్చ పురుగుల్ని ఏరుకొచ్చి, డబ్బాల్లో బెండకాయ ముక్కలు వేసి పెంచింది. పెంచితే కొన్ని పురుగులు తినడం మానేసి మెత్తబడి చచ్చాయి. చచ్చిన పురుగు ఒంట్లోంచి తెల్లటి పిల్లపురుగు పాక్కుంటూ వచ్చి, గోధుమ గింజలా గట్టిపడి, కొన్నాళ్ళకి ఆ గింజ మూత తోసుకుని ఈగ లేచింది. పురుగు మీద గుడ్డు పెట్టి పోతుంది తల్లి, పిల్ల లోపలినుంచి తినేస్తుంది. మందు లేదు, కూలి లేదు. ఆ రోజు రెబ్కాకి ఏడుపొచ్చింది. నాన్న బతుకంతా చేసిన పని అదే కదా, వీపుకి మందు డబ్బా తగిలించుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, పరాయివాళ్ళ చేలల్లో. సాయంత్రం ఆ తువ్వాలు ఉతికితే బకెట్లో నీళ్ళు పాలలా తెల్లబడేవి, అమ్మ వాటిని దొడ్లో కాకుండా దూరంగా తీసుకెళ్ళి పారబోసేది, కోళ్ళు తాగుతాయని. కోళ్ళని కాపాడుకుంది. నాన్న మాత్రం దగ్గుతూ దగ్గుతూ పోయాడు. తర్వాత పత్తి దెబ్బతీసిన ఏళ్ళలో తమ వైపు ఊళ్ళ పేర్లు పేపర్లో పడ్డాయంటే పురుగుమందు తాగినవాళ్ళ వార్తే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇంకో రకంగా పడాలి. అందుకని ఈగకి పర్చూరెన్సిస్ అని పేరు రాసుకుంది. నాన్న పేరు పెట్టొచ్చు, కానీ నాన్నకి అలాంటివి సిగ్గు.

వెనక బెంచీలో ఏదో కదిలింది. రెబ్కా చటుక్కున తిరిగింది. ఆ పిల్ల పెన్నులో రీఫిల్ మార్చుకుంటోంది. మార్చుకుంటోందో, రీఫిల్ చుట్టూ చీటీ చుట్టి తెచ్చిందో. దగ్గరికి వెళ్ళి పెన్ను విప్పించి చూసింది. ఏం లేదు. ఏం లేకపోతే సంతోషించాలి గాని, ఆవిడకి ఎందుకో చిన్నబోయినట్టుంది. కాలేజీలో ఆవిడ కాపలా అంటే పిల్లలకి హడల్. తనేం చేస్తుంది, పుట్టిన నేల అలాంటిది. మిరపయార్డులో వ్యాపారి బస్తా పైన కాయని చూడడు, చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగునుంచి లాగుతాడు. బరువు కోసం నీళ్ళు చల్లారేమోనని కాయ విరిచి చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వింటాడు. రైతేమో వ్యాపారి కాటాని నమ్మడు, విత్తనాల కొట్టువాణ్ణి నమ్మడు, మందు సీసా మూత వాసన చూసి అసలో నకిలీయో తేల్చుకుంటాడు, తేల్చుకుని మోసపోతాడు. అంతమంది మధ్య పెరిగి తను మాత్రం నమ్మకస్తురాలుగా ఎలా తయారవుతుంది? కాస్తో కూస్తో మిగిలిన నమ్మకాన్ని రీసెర్చి గైడు తుడిచిపెట్టాడు. ఎండలో చేలంట తిరిగి తను రాసిన మొదటి వ్యాసం అచ్చయితే అందులో ఆయన పేరుంది, ఆయన అల్లుడి పేరుంది, తన పేరు లేదు. అడిగితే, ముందు ముందు చాలా రాస్తావుగా అమ్మా అన్నాడు. పైగా స్వీటు పెట్టాడు. తిన్నది కూడాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కిటికీ. ఖాజావలి ల్యాబు కిటికీ రెక్క ఒకటి దగ్గరకి వేశాడు. ఎందుకు వేశాడు? ఎండ పడితే మైక్రోస్కోపులో కళ్ళు బైర్లు కమ్ముతాయి, నిజమే. నిజమే గాని, ఇన్నాళ్ళూ వేయనిది ఇవాళే వేయాలా? బాపట్ల వైపు మనిషి, నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడింది ఎవరూ వినలేదు, టీ తాగితే గ్లాసు తనే కడిగి బోర్లిస్తాడు. అదిగో, అనుమానం మొదలయ్యింది కూడా అక్కడే. ఊరికే ఇంత మంచిగా ఎవడుంటాడు? మొదటి విడత ఈగలన్నీ ల్యాబు బీరువాలో పెట్టింది, పదిరోజులు చూసుకోలేదు, వెళ్ళి తీస్తే పెట్టెలో సూదులున్నాయి, ఈగల్లేవు. అడుగున నాలుగు రెక్కల ముక్కలు. చీమలు మేడమ్, అన్నాడు ఖాజావలి, తనే మూత పట్టుకుని వెలుతురుకి చూస్తూ. చీమలట. బీరువా తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంటుంది. రెండో విడత ఈగలు లేచినప్పుడు ఇక కాలేజీలో ఉంచలేదు. పెట్టెని చేతిసంచీలో పెట్టుకుని, పైన దువ్వెనా టిఫిను డబ్బా కప్పి, ఆటోలో బ్రాడీపేట తెచ్చేసుకుంది. వంటింట్లో బియ్యం డ్రమ్ము పైనున్న అలమర అయితే ఎవరి చెయ్యీ పడదు. తడిగుడ్డ పరిచిన డబ్బాలో బిగుసుకున్న ఈగల్ని మెత్తబరిచి, కాళ్ళూ రెక్కలూ సర్దింది కూడా ఆ వంటింట్లోనే, కుక్కరు కూతల మధ్య.

సర్ది, కాలేజీకి తెచ్చి మైక్రోస్కోపు కింద పెడితే, ప్రభువా, ఆ కాళ్ళు! ఈ వంశపు ఈగలన్నిటికీ కాళ్ళు నలుపు. ఏ పుస్తకం తీసినా నలుపే. తన ఈగలకి మాత్రం తంగేడుపువ్వు రంగు. వెంట్రుకల వరసలో చిన్న తేడాలున్నాయి గాని అవి ఏ ఈగకా ఈగకి మారేవే, వాటితో కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరు. కాళ్ళ రంగే అసలు ఆధారం. ఆ సంబరం చెప్పుకోవడానికి ఖాజావలి తప్ప మనిషి లేడు, అదీ తన ఖర్మ. చెబితే ఆయనేమన్నాడు? మొదటి పెట్టెలోవాటికి కాళ్ళు నల్లగా ఉన్నట్టు గుర్తు మేడమ్, అన్నాడు. అసూయ. పచ్చి అసూయ. ఇంకో రోజు, ఈగ పొట్ట చివరి భాగాలు తేటపడాలని, పొట్ట మాత్రం విరిచి కాస్టిక్ పొటాష్‌లో వేస్తే గాజుగిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయి. పక్కకి వచ్చి, ఇదేంటి మేడమ్ ఇంత ఎరుపు, అని అడిగాడు. ఈగ పొట్టలో రంగేదో దిగి ఉంటుందని చెప్పి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత నుంచి ఒకటే అడగడం, పెట్టె ఎక్కడ పెడుతున్నారు మేడమ్, ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు. ఒకసారి ఆవిడ క్లాసుకెళ్ళి వచ్చేసరికి పెట్టె మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాడు. నాఫ్తలీన్ ఉందో లేదో చూస్తున్నానన్నాడు. వ్యాసం అప్పుడే పంపకండి, ఎవరైనా పెద్దవాళ్ళకి ఒకసారి చూపిద్దాం అన్నాడు. అన్నవాడు ఊరుకోక, యూనివర్సిటీ సెమినారుకి వచ్చిన ఈ కలకత్తా ఆయన్ని తనే ఫోను చేసి, తనే స్కూటరు మీద ఎక్కించుకొచ్చాడు. ఇంతా కలిపి చూస్తే చిన్నపిల్లకైనా అర్థం కాదూ? ఆలస్యం చేయించడం, పెద్దాయన్ని చేతిలో వేసుకోవడం, వ్యాసం కింద వాళ్ళిద్దరి పేర్లూ. స్వీటు మాత్రం పెట్టడేమో ఈసారి.

నాగజ్యోతి పిడికిలి. కిటికీ వైపున్న వరసలో, గోడ పక్కన కూర్చున్న పిల్ల, పొన్నూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది, ఎడమచేతి పిడికిలి మొదటినుంచీ విప్పలేదు. రాస్తోంది, ఆగుతోంది, పిడికిలి ఒళ్ళోకి దించి కొంచెం విప్పి చూసుకుని మళ్ళీ రాస్తోంది. దొరికింది. రెబ్కా చెప్పుల చప్పుడు కాకుండా వెనకనుంచి వెళ్ళింది. ఇంతసేపూ ఎదురుమేడలో పట్టుకోలేని దొంగతనం ఇక్కడ పట్టుకున్నట్టే అనిపించింది.

"ఏంటమ్మా అది? చెయ్యి తెరువు."

పిల్ల తెరవలేదు. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు కూడా ఆవిడకి నాటకంలాగే కనిపించాయి. మణికట్టు పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. కాగితమే, చిన్న పొట్లం, చెమటకి తడిసిపోయి ఉంది. గబగబా విప్పింది. అక్షరాల కోసం విప్పింది. లోపల అక్షరాల్లేవు. పసుపు.

"మా అమ్మ ఇచ్చింది మేడమ్. భయమేస్తే చూసుకోమంది."

హాల్ టిక్కెట్టు నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టి పంపిందట ఆ తల్లి, అవీ కనిపిస్తున్నాయి బల్ల మీద. చుట్టూ పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. రెబ్కాకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొట్లం మడిచి పిల్ల చేతిలో పెట్టేసి, రాసుకో, రాసుకో అంది. వేళ్ళన్నీ పసుపయ్యాయి. చెమట చేతులు. రుమాలు బల్ల మీద ఉండిపోయింది. ఎవరూ చూడకుండా వెనక్కి చెయ్యి పెట్టి గోడకి రాసేసింది. తనిఖీ కమిటీ వాళ్ళు వస్తున్నారని నిన్ననే సున్నం వేసిన గోడ, ఇంకా పచ్చి వాసన పోలేదు, తగిలితే తెల్లగా అంటుకుంటోంది. వేళ్ళు దులుపుకుంటూ తిరిగి చూస్తే, గోడ మీద ఆవిడ వేళ్ళ గుర్తులు, ఎర్రగా.

ఎరుపేంటి? అదేం ప్రశ్న, పసుపూ సున్నం కలిస్తే ఎరుపు కాక ఇంకేమవుతుంది. పక్కింటి రహమతున్నీసా కూడా చెబుతుంది, చీర మీద కూర మరక పడితే సబ్బు పెట్టకు రెబ్కా, ఎర్రగా తిరుగుతుందని. పెళ్ళికూతురు గడప తొక్కబోతుంటే ఎర్రనీళ్ళు దిష్టి తీసి పారబోయడం వీధిలో ఎన్నిసార్లు చూసింది, పసుపు నీళ్ళల్లో వేలితో సున్నం కలుపుతారు, కలపగానే తిరుగుతుంది రంగు, చిన్నప్పుడు అది ఇంద్రజాలంలా చూసేది. సున్నం ఒక్కటే కాదు, సబ్బైనా, చాకలిసోడా అయినా, కాస్టిక్ పొటాష్ అయినా.

కాస్టిక్ పొటాష్ అయినా.

గాజుగిన్నెలో ఎర్రనీళ్ళు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది, సున్నం జాకెట్టుకి అంటుకుంటుందని కూడా తోచలేదు. వంటింటి అలమర. తడిగుడ్డ డబ్బా. పెట్టె తెచ్చిన మర్నాడే బియ్యం డ్రమ్ము వెనకనుంచి ఎర్రచీమల బారు. మళ్ళీ చీమలా, ఈసారి తిననిస్తానా అనుకుని, పోపుల డబ్బా తీసి పెట్టె చుట్టూ పసుపు గీత గీసింది. గీసింది తనే. గీసినట్టు ఇంతవరకు గుర్తే లేదు, ఎందుకుంటుంది, తుమ్మొస్తే ముక్కు తుడుచుకున్నట్టు చెయ్యి చేసేసే పని, అమ్మ బెల్లం కుండ చుట్టూ గీసేది, రోజూ చూసింది. గీత గీసినా మనసాగక, చీమ గీత దాటితేనో అని, తడిగుడ్డ మీద కూడా ఒక చిటికెడు చల్లింది. ఈగల్ని ఆ గుడ్డ మీదే ఉంచింది, రాత్రంతా, కాళ్ళు ఆ తడిలో ఆనేలా. వీపూ రెక్కలూ పైకి. అందుకే పైనుంచి చూస్తే ఒళ్ళంతా మామూలే. కాళ్ళు మాత్రం తంగేడు రంగు.

అయితే మొదటి పెట్టెలో కాళ్ళు నల్లగానే ఉన్నాయా. ఉన్నట్టు గుర్తు మేడమ్, అన్నాడు కదా. చీమలే తిన్నాయా. చీమలు మేడమ్, అన్నాడు కదా. పెట్టె ఎక్కడ పెడుతున్నారు, ఇంట్లో ఎక్కడ. మూత తీసి వాసన చూశాడు. నాఫ్తలీన్ కోసం కాదు. ఆ మనిషికి ఎప్పుడో తెలుసు. తెలిసి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఆహా, ఇప్పుడు తెలిసింది ఎత్తు. పెద్దాయన ముందు, ఆయన నోటితోనే, రెబ్కా పోపుడబ్బా ఈగని తెచ్చి కొత్త జాతి అంటోందని అనిపించాలని. గుంటూరు జిల్లా కాలేజీలన్నీ నవ్వుకోవాలని. అంత పన్నాగం పన్ని తననిక్కడ డ్యూటీలో ఇరికించి... డ్యూటీ. పోయినవారం పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళాలని ఇంగ్లీషు మేడమ్‌తో డ్యూటీ మార్చుకున్నది తనే. ఆ మార్పు ఇవాళ్టికి పడింది. అది కూడా తనే.

మిగిలిన గంటా ఎలా నడిచిందో ఆవిడకి తెలియదు. ఎవరు ఎడిషనల్ షీటు అడిగారో, ఎవరికి దారం ఇచ్చిందో. పిల్లలకి ఆ రోజు కాపలా లేనట్టే. మనసు మాత్రం చెప్పాలా వద్దా అని తిరిగింది. చెప్పకపోతే? పెద్దాయన కాళ్ళు చూస్తాడు, పుస్తకం చూస్తాడు, ఔనంటాడు. ఒకసారి అచ్చయితే ఎవరు కడిగి చూస్తారు ఈగ కాళ్ళు? పర్చూరు పేరు పడుతుంది. పురుగుమందు లేకుండా, చావు లేకుండా పడుతుంది. నాన్న తువ్వాలు గుర్తొచ్చింది. సాయంత్రం రైతు వచ్చి, మందంతా కొట్టావా, నీళ్ళు కలిపి మిగుల్చుకున్నావా అని అనుమానంగా డబ్బా మూత తీసి చూసేవాడు. నాన్న డబ్బా బోర్లించి చూపించేవాడు.

గంట మోగింది. పేపర్లు లెక్కచూసి ఇచ్చి, నాగజ్యోతి దగ్గర ఒక్క క్షణం ఆగి, బాగా రాశావా అని అడిగి, సమాధానం వినకుండానే మెట్లు దిగి ఆటస్థలం దాటింది. ల్యాబులో పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు, ట్రైను టైమవుతోందని చేతిగడియారం చూసుకుంటున్నాడు. ఆవిడని చూసి రెండు చేతులూ జోడించి, తన ఇంగ్లీషులో, అమ్మా, అద్భుతంగా ఉంది, ఇలాంటి కాళ్ళు నా సర్వీసులో చూడలేదు, నిస్సందేహంగా కొత్తదే, నేను ఉత్తరం రాసిస్తాను, పంపించెయ్యండి అన్నాడు. ఆ మాట కోసం ఎన్నేళ్ళు.

ఖాజావలి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పెద్దాయనకి ఏమీ చెప్పలేదన్నమాట. తన ఈగ గురించి తను లేకుండా ఒక్క ముక్క చెప్పలేదు. మైక్రోస్కోపు పక్కన బల్ల మీద శుభ్రంగా కడిగి తుడిచిన గాజుగిన్నె ఉంది, దాని పక్కన కాస్టిక్ పొటాష్ సీసా, చుక్కలు వేసే గొట్టం. పొద్దున తను డ్యూటీకి వెళ్ళేటప్పుడు అవి అక్కడ లేవు.

ఒక్క నిమిషం ఆగండి సార్, అంది రెబ్కా. ఒక ఈగ కాలు చిమటాతో విరిచి గిన్నెలో పెట్టింది. ఖాజావలి వచ్చి గిన్నె కదలకుండా పట్టుకున్నాడు. చుక్క వేసింది. మైక్రోస్కోపు కూడా అక్కర్లేకపోయింది. తంగేడు రంగు చుట్టూ ఎరుపు పొగలా లేచి, చుక్కంతా అలుముకుంది. ఇంకో చుక్క, ఇంకో చుక్క, కడిగితే కడిగితే అడుగున మిగిలింది నల్లటి కాలు. ఇది వంటింటి పసుపు సార్, నేనే చల్లాను, అంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ ఈగ దక్షిణాదంతా ఉంటుందమ్మా, మంచి ఈగ, పురుగుని బాగా చంపుతుంది అన్నాడు. ఏడుపొచ్చేసింది రెబ్కాకి. దాచుకోలేదు. పర్చూరు పేరు పోయింది.

పెద్దాయన చేతులు కడుక్కోవడానికి బయటికెళ్ళాక అడిగింది, మొహం తుడుచుకుంటూ, కోపంగానే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది వలి గారూ?"

"గిన్నె ఎర్రబడిన రోజు అనుమానం మేడమ్. పెట్టె వాసన చూశాక రూఢి."

"మరి చెప్పొచ్చుగా?"

ఖాజావలి సీసాకి మూత బిగించి బీరువాలో పెట్టాడు. పెట్టాక, ఆవిడ వైపు చూడకుండా, మెల్లగా అన్నాడు.

"చెబితే నమ్మేవారా మేడమ్?"

రెబ్కా మిగిలిన ఈగలున్న పెట్టెని, పొద్దుటినుంచీ వదలని చేతిసంచీలోంచి తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని బీరువా పై అరలో పెట్టి, నాఫ్తలీన్ ఉండలు రెండు కొత్తవి వేసి, తాళం వేశాడు. పెద్దాయన్ని స్టేషనుకి దింపడానికి ఆయనతో కలిసి కిందికి దిగాడు. తను ఒక్కతే ల్యాబు గుమ్మంలో మిగిలింది. కాసేపాగి, చుట్టూ చూసి, బీరువా దగ్గరికి వెళ్ళి తాళం లాగి చూసింది. పడే ఉంది.